ఫొటో కింద ఎవరి పేరు?

పత్రికల్లో వచ్చే ఒక రకం ఫొటో మనందరికీ బాగా తెలుసు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం జరిగిన మర్నాడు జిల్లా పేజీలో అది తప్పకుండా ఉంటుంది. మన ఆడవాళ్లు వరసగా నిలబడి, ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి థింసా ఆడుతుంటారు. వరస మధ్యలో ఒక అధికారో నాయకుడో అడుగు కలుపుతుంటారు. ఫొటో కింద ఆయన పేరు ఉంటుంది, హోదా ఉంటుంది. మిగిలిన పది పన్నెండు మందికీ కలిపి ఒకటే మాట ఉంటుంది: గిరిజన మహిళలు. ఆ వరసలో మన పిన్ని ఉండవచ్చు, మన బడిలో వంట చేసే అక్క ఉండవచ్చు. ఆట వాళ్లది, పేరు ఆయనది.

ఇది చాలా చిన్న విషయమని కొందరు అంటారు. పేపరులో అంత చోటు ఎక్కడుంది అంటారు. చోటు లేకపోవడం నిజమే కావచ్చు. కానీ ఉన్న కాస్త చోటు ఎవరికి ఇచ్చారన్నది కూడా నిజమే. ఇక్కడి నుంచే ఒక ప్రశ్న పుడుతుంది. ఒక మనిషిని ఫొటోలో చూపించినవాడు ఆ మనిషికి ఏం బాకీ పడతాడు? డబ్బా? అనుమతా? మర్యాదా? పేరా? లేక ఏమీ బాకీ పడడా?

ఈ ప్రశ్నను అన్నిటికంటే గట్టిగా అడగవలసిన చోటు ఫ్యాషన్ ఫొటో అని మేము అనుకుంటున్నాము. ఇంట్లో గోడకు తగిలించే ఫొటో జ్ఞాపకం కోసం. పేపరులో ఫొటో వార్త కోసం. ఫ్యాషన్ ఫొటో మాత్రం చూసేవారిలో కోరిక పుట్టించడానికి తీస్తారు. అది మనకు దూరపు సంగతి కాదు. మన పిల్లల ఫోన్లలో రోజూ కదులుతున్నది అదే. పెళ్లికి ముందు జంటలు తీయించుకునే ఫొటోలు, సినిమా పాటల్లో దుస్తులు, బస్టాండు ఎదుట నగల దుకాణం బోర్డు, అన్నీ దాని పిల్లలే. ఆ ఫొటోల్లో వెనక కనిపించే కొండ చాలాసార్లు మన కొండే.

దీని పుట్టుక కొంచెం తెలుసుకోవాలి. నూరు నూటపాతికేళ్ల కింద ఫ్యాషన్ పత్రికల్లో ఎక్కువగా బొమ్మలే గీసేవారు. 1911లో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫొటోగ్రాఫర్ పారిస్‌లో పాల్ పొయిరే కుట్టిన గౌన్లను ఒక కళా పత్రిక కోసం ఫొటోలు తీశాడు. నిజమైన ఫ్యాషన్ ఫొటోలు వాటితోనే మొదలయ్యాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అమెరికాలో వోగ్ పత్రికను కాండే నాస్ట్ అనే వ్యాపారి 1909లో కొన్నాడు. 1932లో దాని ముఖచిత్రంగా మొదటిసారి రంగుల ఫొటో వచ్చింది, అదీ స్టైకెన్ తీసినదే. అప్పటి నుంచి బొమ్మ వెనక్కి పోయి ఫొటో ముందుకు వచ్చింది. గీసిన బొమ్మ బట్ట ఎలా ఉందో చెప్తుంది. ఫొటో ఆ బట్ట కట్టుకున్న మనిషి ఎలా బతుకుతుందో చెప్తున్నట్టు ఉంటుంది. ఆమె నిలబడిన చోటు, వెనక ఉన్న ఆకాశం, పక్కన ఉన్న మనుషులు, అన్నీ ఆ బట్టతో పాటే వస్తాయన్న భ్రమ కలుగుతుంది. కాబట్టి ఫ్యాషన్ ఫొటోలో పక్కన ఉన్నదేదీ ఊరికే ఉండదు. దానికీ ఒక పని అప్పజెప్పి ఉంటారు.

ఆ పని ఏమిటో ఒక ప్రసిద్ధమైన ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. 1955 ఆగస్టులో పారిస్‌లోని ఒక సర్కస్‌లో రిచర్డ్ ఆవెడాన్ అనే ఫొటోగ్రాఫర్ హార్పర్స్ బజార్ పత్రిక కోసం దాన్ని తీశాడు. దాని పేరు ‘డొవీమా విత్ ఎలిఫెంట్స్’, అంటే ఏనుగులతో డొవీమా. నల్లటి పొడవాటి గౌను, దానికి తెల్లటి పట్టు నడికట్టు, క్రిస్టియన్ డియోర్ సంస్థది. అది తొడుక్కున్న సన్నటి యువతి రెండు వైపులా చేతులు చాచి నిలబడి ఉంటుంది. చుట్టూ ఏనుగులు. గౌను నున్నగా ఉంటుంది, ఏనుగుల చర్మం ముడతలు పడి ఉంటుంది. ఆమె తేలికగా గాలిలో నిలిచినట్టు ఉంటుంది, అవి బరువుగా ఉంటాయి. ఆ ముడత పక్కన ఉండబట్టే ఆ నునుపు అంత నునుపుగా తోస్తుంది. గౌను విలువ పెంచడమే ఏనుగుల పని. జాగ్రత్తగా చూస్తే వాటి కాళ్లకు గొలుసులు కూడా కనిపిస్తాయి.

డొవీమా అన్నది ఆ యువతి తానే కూర్చుకున్న పేరు. డొరొతీ, వర్జీనియా, మార్గరెట్ అన్న తన మూడు పేర్లలో ఒక్కో దాని నుంచి మొదటి రెండు అక్షరాలు తీసుకుని అల్లుకుంది. ఫొటో పేరులో ఆమె పేరు నిలిచింది. ఏనుగులకు పేరు లేదు. ఏనుగులకు పేరెందుకు అని ఎవరైనా నవ్వవచ్చు. మనం నవ్వడానికి ముందు ఒక సంగతి ఆలోచించాలి. పత్రికల వాళ్లు, సినిమా వాళ్లు, పెళ్లి ఫొటోల వాళ్లు మన గూడేలకు వచ్చి మన గోడ పక్కన, మన అవ్వ పక్కన ఎవరినో నిలబెట్టి ఫొటో తీసినప్పుడు, మనం ఆ ఫొటోలో డొవీమా చోట ఉన్నామా, ఏనుగుల చోట ఉన్నామా?

ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. వోగ్ పత్రిక భారతదేశంలో 2007లో మొదలైంది. 2008 ఆగస్టు సంచికలో 16 పేజీల ఫొటోల వరస ఒకటి వేసింది. అందులో ఉన్నవాళ్లు మోడళ్లు కారు, మామూలు ఊరి జనం. పైపళ్లు ఊడిపోయిన ఒక ముసలమ్మ ఒక బిడ్డను ఎత్తుకుని ఉంది. ఆ బిడ్డ మెడలో చొంగ పడకుండా కట్టే గుడ్డ ఫెండీ సంస్థది, దాని ధర దాదాపు 100 డాలర్లు. చెప్పులు లేని ఒక మనిషి చేతిలో బర్బెరీ గొడుగు, దాని ధర దాదాపు 200 డాలర్లు. ఒక కుటుంబం మోటారు సైకిల్ మీద వెళ్తుంటే వెనక కూర్చున్న తల్లి చేతికి ఎర్మెస్ సంస్థ సంచి, దాని ధర 10,000 డాలర్ల పైమాటే. ఫొటోల పక్కన రాసిన వివరాల్లో సంచి ఎవరిదో ఉంది, గొడుగు ఎవరిదో ఉంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒక స్త్రీ, ఒక పురుషుడు అని ఉంది. అంతే. గొడుగుకు ఇంటిపేరు ఉంది గానీ గొడుగు పట్టుకున్నవాడికి పేరే లేదు.

అప్పట్లో దీని మీద దేశంలోనూ బయటా విమర్శ వచ్చింది. పత్రిక సంపాదకురాలు ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఫ్యాషన్ ఇప్పుడు డబ్బున్నవాళ్ల సొత్తు కాదు, ఎవరు ధరించినా అందంగానే ఉంటుంది. ఈ జవాబును మనం తేలికగా తీసిపారేయకూడదు. అందులో ఒక న్యాయమైన మాట ఉంది. పేదవాళ్లు అందంగా ఉండకూడదా? పాతగుడ్డల్లో, కన్నీళ్లతోనే ఫొటో దిగాలా? మన అవ్వ మంచి గొడుగు పట్టుకుంటే తప్పేమిటి? తప్పేమీ లేదు. మన వాళ్లకు అందం మీద ఆశ ఎప్పుడూ ఉంది. సంతకు పోయేటప్పుడు కొప్పులో పువ్వు పెట్టుకోని ఆడది మన కొండల్లో లేదు. అయితే ఆ జవాబు నిజమైతే, ఆ అందం ఎవరిదో చెప్పడానికి ఒక్క పేరు రాస్తే సరిపోయేది. ఫొటో తీశాక గొడుగు ఎవరి దగ్గర ఉండిపోయింది అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

ఫొటో కింద రాసే మాటలకు ఇంత ప్రాధాన్యం ఎందుకు ఇవ్వాలి అని ఎవరైనా అడగవచ్చు. ఫ్రాన్స్ దేశపు ఆలోచనాపరుడు రోలాన్ బార్త్ 1967లో ఫ్యాషన్ మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఆయన పరిశీలించింది ఫొటోలను కాదు, ఫ్యాషన్ పత్రికల్లో బట్టల గురించి రాసిన మాటలను. చూపు చాలా వైపులకు పోతుంది, మాట దాన్ని ఒకచోట ఆపుతుంది. ముసలమ్మ ఫొటో చూస్తే మన చూపు ఆమె ముఖం మీదికి పోవచ్చు, చేతి ముడతల మీదికి పోవచ్చు. కింద ఫెండీ అని రాస్తే చూపు బిడ్డ మెడలో గుడ్డ దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క మాటతో ముసలమ్మ వెనక గోడగా మారిపోయింది.

ఈ అలవాటు ఫ్యాషన్ పత్రికలతో పుట్టింది కాదు. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వం తాను ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాలనుకుంది. 1868 నుంచి 1875 దాకా ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో 8 సంపుటాల ఫొటో గ్రంథం లండన్‌లో వెలువడింది. అందులో ఎన్నో కులాలవాళ్లు, ఎన్నో తెగలవాళ్లు ఉన్నారు. చాలా ఫొటోల కింద తెగ పేరే ఉంది, ఆ తెగ స్వభావం ఇటువంటిది అని నాలుగు మాటలు ఉన్నాయి. ఎదురుగా నిలబడిన మనిషి తనకోసం నిలబడలేదు. తెగకు నమూనాగా నిలబడ్డాడు. రాజు తీయించిన ఫొటో తెగ పేరు రాసుకుంది. వ్యాపారి తీయించిన ఫొటో సరుకు పేరు రాసుకుంది. మనిషి పేరు రాయవలసిన చోటు ఇద్దరి దగ్గరా ఖాళీగానే ఉంది.

దీనికి ఒక బలమైన ఎదురుమాట ఉంది. అడిగి తీశారు, డబ్బు ఇచ్చారు, ఇంకేం కావాలి అన్నది ఆ మాట. దాన్ని పరీక్షించడానికి మంచి ఉదాహరణ ఇర్వింగ్ పెన్. వోగ్ పత్రిక పెద్ద ఫొటోగ్రాఫర్లలో ఒకడు. 1948 డిసెంబరులో ఫ్యాషన్ ఫొటోల పని మీద దక్షిణ అమెరికాలోని పెరూ దేశం వెళ్లాడు. ఆ పని అయ్యాక కొండల్లో ఉన్న కుస్కో పట్టణానికి వెళ్లి, అక్కడి ఫొటోగ్రాఫర్ స్టూడియోను కొన్ని రోజులు అద్దెకు తీసుకున్నాడు. క్రిస్మస్ రోజులు. చుట్టుపక్కల కొండల నుంచి వచ్చిన మూలవాసులు ఫొటో తీయించుకుందామని స్టూడియోకు వస్తే, డబ్బు తీసుకోవడానికి బదులు తానే వాళ్లకు డబ్బు ఇచ్చి ఫొటోలు తీశాడు. మోడళ్లను ఎంత శ్రద్ధగా నిలబెట్టేవాడో వాళ్లనూ అంతే శ్రద్ధగా నిలబెట్టాడు. అదే మెత్తటి వెలుగు, అదే ఓపిక. ఆ ఫొటోల్లో మనుషులు చిన్నబోయి కనిపించరు, కెమెరా కళ్లలోకి సూటిగా చూస్తారు. ఇది మెచ్చుకోవలసిన పని.

ఆ వరసలో అన్నిటికంటే పేరుపొందినది ‘కుస్కో చిల్డ్రన్’, అంటే కుస్కో పిల్లలు. చెప్పులు లేని అన్నాచెల్లెలు ఒక చిన్న బల్లకు చెరోవైపు నిలబడి చేతులు పట్టుకుని ఉంటారు. 2008లో ఆ ఫొటో ప్రింటు ఒకటి వేలంలో 5 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇక్కడ అనుమతి ఉంది, డబ్బు ఉంది, మర్యాదా ఉంది. అయినా ఫొటో పేరులో ఊరి పేరే ఉంది, ఆ ఇద్దరి పేర్లు లేవు. ఆ రోజు చేతిలో పడ్డ డబ్బుతో లెక్క తీరిపోయిందని మనం అనగలమా? ఆ రోజు కూలి ఇచ్చేశాం కదా అని అంటే, కూలికి వచ్చినవాడికీ ముఖం ఇచ్చినవాడికీ తేడా లేదని ఒప్పుకున్నట్టు. కూలి పని సాయంత్రానికి అయిపోతుంది. ముఖం మాత్రం ఆ కాగితం ఉన్నన్నాళ్లూ పనిచేస్తూనే ఉంటుంది.

డబ్బు తీసుకుని ఫొటో దిగే మోడల్ కూడా ఒక వస్తువును అమ్మడానికే నిలబడుతుంది కదా, ఆమెకు లేని ఇబ్బంది మనకెందుకు అని ఇంకొకరు అడుగుతారు. ఆమెకు ఇబ్బంది లేదని మేము అనము. కానీ ఒక తేడా ఉంది. అక్కడ ఏది అమ్ముడుపోతున్నదో ఆమెకు తెలుసు. రేటు మాట్లాడగలదు, రేపు రానని చెప్పగలదు. అరకు లోయలో చలికాలం వలిసె పూలు పూసినప్పుడు ఫొటోలకు వచ్చేవాళ్ల దగ్గర కొందరు రైతులు రుసుము తీసుకుంటున్నారు. అదీ ఇలాంటిదే. తోట తనది, పువ్వు తనది, ఏం అమ్ముతున్నాడో రైతుకు తెలుసు. తొక్కితే పంట పోతుందని చెప్పి గట్టు దగ్గరే ఆపగలడు. అదే రైతు తల్లిని గుమ్మం ముందు కూర్చోబెట్టి తీసిన ఫొటో ఎక్కడికి పోతుందో, దాని పక్కన ఏ మాట రాస్తారో, ఏ సరుకు అమ్ముతారో ఆమెకు చెప్పారా? చెప్పకుండా తీసుకున్న సరే సగం సరే మాత్రమే.

మనిషిని వదిలి మనిషి మీది బట్టను మాత్రమే తీసుకుపోవడం ఇంకొక రకం. లంబాడా ఆడవాళ్ల కాంచళి, ఫేటియా మీద అద్దాలు, గవ్వలు, రంగు దారాల కుట్టు ఇప్పుడు సినిమా పాటల్లో ఉంటుంది, పెళ్లి ఫొటోల్లో ఉంటుంది, పట్నం దుకాణాల బొమ్మల మీద ఉంటుంది. అదే దుస్తులతో తండా ముసలమ్మ బస్సు ఎక్కితే పక్కకు జరిగి కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఆ చూపు పడలేకనే చాలా తండాల్లో కూతుళ్లు చీరకు, మనవరాళ్లు చుడీదారుకు మారారు. ఒకే బట్ట కట్టుకున్న ఇద్దరిలో ఒకరిని చూసి నవ్వు, ఒకరిని చూసి మెచ్చుకోలు. అంటే మెచ్చుకున్నది బట్టను కాదు, నవ్వింది బట్టను చూసీ కాదు.

మా బట్ట ఎవరూ కట్టకూడదు అని మేము అనడం లేదు. బట్ట ఎప్పుడూ ఊళ్లు తిరిగేదే. మన మెడలో పూసలు, కుట్టులో అద్దాలు, నాణేలు సంతలో కొన్నవే, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవే. మేము అడిగేది వేరు. బట్ట పైకి పోయినప్పుడు దాన్ని కుట్టిన చేతి పేరు కూడా దానితో పైకి పోయిందా, కిందే ఉండిపోయిందా? కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు, జనం పేరు చట్టంలో నిలిచాయి. అది మంచి మొదలు. కుట్టిన మనిషి పేరు దాకా రావడానికి ఇంకా దారి ఉంది.

ఇంతవరకు బయటివాళ్ల సంగతి చెప్పాము. ఫ్యాషన్ ఫొటో మన ఇంట్లో చేసిన పని కూడా ఉంది. ఒకప్పుడు కొడాక్ సంస్థ రంగుల ఫొటోలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి స్టూడియోలకు ఒక నమూనా ఫొటో పంపేది. దాన్ని షిర్లీ కార్డు అనేవారు. అందులో ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం బాగా వస్తే ఫొటో బాగా వచ్చినట్టు. ఏళ్ల తరబడి కొలత అదే కాబట్టి నల్లటి ముఖాలు మసిగా వచ్చినా తప్పు ముఖానిదే అనిపించింది. మన దేశంలో 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మాత్రం మార్చుకుంది. ఇప్పుడు క్రీము కూడా అక్కర్లేదు. ఫోనులో వేలు ఒకసారి జరిపితే చాలు, రంగు తేలుతుంది, ముక్కు సన్నబడుతుంది. ఆశ్రమ పాఠశాలలో చదివే ఒక పిల్ల అలా మార్చిన ముఖాన్ని తన ఫొటోగా పెట్టుకుంటే ఆమెను తిట్టి లాభం లేదు. ముఖం ఎలా ఉండాలో ఆమెకు పుట్టకముందే కొలత గీసి పెట్టారు. ఆ కొలత ఎవరు గీశారో చెప్పడం మన పని. అది తెలిశాక ఏం పెట్టుకోవాలో ఆమె ఇష్టం.

ఈ గొడవంతా ఎందుకు, ఫొటోలే తీయనివ్వకుండా ఉంటే పోలేదా అని మన పెద్దలలో కొందరు అంటారు. వద్దు అనే హక్కు ఎప్పుడూ మన చేతిలో ఉండాలి. కానీ ఫొటో అంతా నష్టమే అనలేము. 1940ల్లో హైమెండార్ఫ్ నల్లమలలో చెంచుల మధ్య, గోదావరి కొండల్లో రెడ్ల మధ్య, ఆదిలాబాద్‌లో గోండుల మధ్య తిరిగి ఎన్నో ఫొటోలు తీశాడు. అవి ఇప్పుడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయం భద్రపరిచిన సేకరణలో ఉన్నాయి. ఆయనా బయటివాడే, ఆయన చూపులోనూ వాదించవలసినవి ఉన్నాయి. అయినా ఫొటో వెనక ఊరి పేరు, సంవత్సరం ఉన్నచోట ఒక వీలుంది. ఆ ఊరి మనవడు ఈరోజు ఆ ఫొటో పట్టుకుని ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి ఇది ఎవరు అని అడగవచ్చు. ఆ ఫొటో ఇంటికి తిరిగి వచ్చే దారి తెరిచే ఉంది. గొడుగు పేరు మాత్రమే రాసిన ఫొటోకు గొడుగు దుకాణానికి తప్ప ఎక్కడికీ దారి లేదు.

ఇప్పుడు కెమెరా మన పిల్లల చేతిలోనే ఉంది. కాబట్టి ప్రశ్న మన వైపు కూడా తిరుగుతుంది. అవ్వ చేతి మీది పచ్చబొట్లను ఫొటో తీసి, పాట పెట్టి, వేలమంది చూడాలని పెట్టే మన కుర్రవాడు ఆమెను అడిగాడా? ఎక్కడ పెడుతున్నాడో చెప్పాడా? తీశాక ఆమెకు చూపించాడా? మనవాడు తీసినంత మాత్రాన అవ్వ అలంకారం కాకుండా పోదు.

పేరు రాస్తే చాలు అని కూడా మేము అనము. కొన్నిసార్లు పేరు రాయడమే కీడు. ఒక ఆడపిల్ల ముఖం, పేరు, ఊరు ముగ్గురు తెలియనివాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో మనకు తెలుసు. నా పేరు వద్దు అంటే రాయకూడదు. అప్పుడు అక్కడ ఖాళీగా ఉన్న చోటు ఆమె కోరి వదిలిన చోటు. మేము చెప్పే బాకీ కాగితం మీద అక్షరాలు కాదు. ఎదుటి మనిషికి ఒక పేరు ఉందని, ఆ పేరుకు ఒక మాట ఉందని, ఆ మాట కాదు అని కూడా కావచ్చని ముందే ఒప్పుకుని కెమెరా ఎత్తడం.

ఉపాధ్యాయ మిత్రులు దీన్ని తరగతిలో పాఠంగా చేయవచ్చు. పాత పత్రికల్లోంచి ఫ్యాషన్ ఫొటోలు, పండుగ ఫొటోలు కత్తిరించి పిల్లలకు ఇవ్వండి. ఒక్కొక్కరినీ బొటనవేలితో ఫొటోలో ఒక భాగం మూసి చూడమనండి. సంచి మూస్తే ఈ ఫొటో మిగులుతుందా? మనిషిని మూస్తే మిగులుతుందా? దేన్ని మూస్తే ఫొటోకు అర్థం పోతుందో ఆ ఫొటో దానికోసం తీసినది. తర్వాత కింద రాసిన మాటలు చదవమనండి. ఎవరికి పేరు ఉంది, ఎవరికి లేదు? చివరగా బడి గోడ మీద ఉన్న వార్షికోత్సవం ఫొటోల దగ్గరికి తీసుకువెళ్లండి. ముందు వరసలో కుర్చీల్లో ఉన్నవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. వెనక నిలబడి ఆడిన పిల్లలు ఎవరో, డోలు కొట్టిన పెద్దాయన ఎవరో రాయమనండి. తెలియకపోతే ఊళ్లోకి వెళ్లి అడిగి రావాలి. మీ పేరు రాయవచ్చా అని ముందుగా అడగాలి.